రెండు బర్రెల దారి

పాస్టరు పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు సెలవుల్లో మా ఇంటికి వచ్చి, మీ అనుభవాలు చెప్పండి అయ్యగారూ అంటుంటారు. నేను చెప్పడం మొదలుపెడితే మా ఆవిడ సుగుణ వంటింట్లోంచి తప్పులు దిద్దుతూ ఉంటుంది. అందుకని రాస్తే నయమనిపించింది. రాసినదాన్ని కూడా ఆవిడ చదివింది. రెండు చోట్ల కొట్టేసి, మిగతాది ఉండనిచ్చింది.

ముప్పై రెండేళ్లు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు చిన్న చిన్న మెన్నొనైట్ సంఘాలకు పాస్టరుగా ఉన్నాను. ఎప్పుడు ఏ ఊళ్లో వేశారో, ఏ కమిటీలో కూర్చోబెట్టారో రాయను. ఆ కాగితాలు ఆఫీసు బీరువాలో ఉన్నాయి. వాటిని ఎవరూ చదవరు, చదవకపోవడమే మంచిది.

మాది పాలమూరు. అక్కడ మెన్నొనైట్ అంటే తాతల నాటి నుంచి తెలిసిన మాట. ఇటు వచ్చాక కోరుట్లలో అద్దె ఇల్లు అడిగితే ఆ ఇంటాయన, అది కొత్త ఎరువు కంపెనీయా అన్నాడు. కాదు, క్రైస్తవుల్లోనే ఒక శాఖ అన్నాను. తేడా ఏంటన్నాడు. వరసపెట్టి చెప్పాను. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వం, పెద్దయ్యాక తమంతట తాము అడిగితేనే నీళ్లలో ముంచి ఇస్తాం. ఒట్టు వేయం. కొట్టినవాణ్ణి తిరిగి కొట్టం. కోర్టుల చుట్టూ తిరగం. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే బల్ల ఆరాధనకు ముందు పగలు తీర్చుకుని ఒకరి కాళ్లు ఒకరం కడుగుతాం. ఆయన అంతా విన్నాడు.

"కొట్టినా కొట్టరంటున్నరు, కోర్టుకు పోరంటున్నరు. ఇల్లు ఇస్త తియ్" అన్నాడు.

ఆ ఇంట్లో పదకొండేళ్లున్నాం. ఆయన మా సంఘంలో చేరలేదు గానీ, మా సిద్ధాంతాన్ని ఆయనకంటే బాగా అర్థం చేసుకున్నవాళ్లను తక్కువమందిని చూశాను.

కాలువ, కరెంటు

బైబిల్ కాలేజీలో గ్రీకు నేర్పారు. కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారో నేర్పలేదు. ఈ పనిలో గ్రీకు నాకు రెండుసార్లు పనికొచ్చింది, కాలువ సంగతి ప్రతి ఏడూ కావలసి వచ్చింది.

బాప్తిస్మానికి మనిషి మునిగేంత నీళ్లుండాలి. వచ్చిన కొత్తలో నేను క్యాలెండరు చూసి ఒక ఆదివారం నిర్ణయించాను. తొమ్మిది మంది తెల్లబట్టలు కట్టుకుని పాటలు పాడుకుంటూ కాలువ దగ్గరికి వచ్చారు. నీళ్లు మోకాళ్ల లోతే ఉన్నాయి. వాళ్లలో ఒకాయన ఆరడుగుల మనిషి. తల ముంచితే మోకాళ్లు తేలేవి, మోకాళ్లు ముంచితే తల తేలేది. ఒడ్డున బర్రెలు కాసుకునేవాళ్లు ఎటు తిప్పితే మునుగుతాడో సలహాలు చెప్పారు. చివరికి వాళ్ల సలహాతోనే పని అయ్యింది. ఆ తర్వాత ఎప్పుడూ కాలువ కాపలా చూసే లస్కరును అడగకుండా బాప్తిస్మం తేదీ పెట్టలేదు.

సిరిసిల్లలో ఇంకో రకం చదువు. అక్కడ మరమగ్గాలను సాంచెలంటారు. అవి ఆడుతుంటే పక్క మనిషి మాట వినపడదు. కరెంటు కోత ఉన్న పూటే మా ప్రార్థన. నేను గంట ప్రసంగం రాసుకుని వెళ్లాను. ఇరవై నిమిషాలకు కరెంటు వచ్చింది. వీధి మొత్తం ఒక్కసారిగా టకటకలాడింది, నా సంఘం మొత్తం లేచి వెళ్లిపోయింది. ఇద్దరు ముసలమ్మలు మిగిలారు, అందులో ఒకావిడ నిద్రపోతోంది.

నా మీద అధికారిగా ఉన్న పెద్దయ్యగారు ఆ రోజు వెనక బెంచీలో కూర్చున్నారు. మాకందరికీ ఆయనంటే హడలు. భక్తి లేని జనమండీ అని నేను ఆయన దగ్గర వాపోయాను. వాళ్లు రోజుకు ఎన్ని గంటలు నిలబడి పనిచేస్తారో తెలుసా అని అడిగారు. తెలియదన్నాను. వాళ్లను అడిగావా అన్నారు. లేదన్నాను. అయితే ముందు అడిగి రా, తర్వాత భక్తి గురించి మాట్లాడదాం అని చెప్పులేసుకుని వెళ్లిపోయారు. నాకు కోపం వచ్చింది. ఆయన చెప్పింది వంటబట్టడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది, అది ఎలాగో ముందు ముందు చెబుతాను.

సిరిసిల్లలోనే ఒకసారి దేశదేశాల మెన్నొనైట్లు అతిథులుగా వచ్చారు. కెనడా నుంచి ఇద్దరు, పరాగ్వే నుంచి ఒకామె, కాంగో నుంచి ఒక పాస్టరు. మా పాటకు ఒకే రాగం, వాళ్లు ఒకే పాటను నాలుగు రకాల గొంతుల్లో కలిపి పాడతారు. అయిదో గొంతు మా సంఘానిది. కాళ్లు కడిగే వంతు వచ్చినప్పుడు కాంగో పాస్టరుకు జతగా ఒక ముసలి నేతకార్మికుడు కూర్చున్నాడు. ఏళ్ల తరబడి నిలబడి ఆయన కాళ్ల నరాలు ఉబ్బి ఉన్నాయి. కాంగో ఆయన కడగడం ఆపి, తన పంచె లాంటి బట్ట పైకి లాగి తన పిక్కలు చూపించాడు. అవీ అలాగే ఉన్నాయి. ఇద్దరికీ ఒక్క మాట కలవదు. అయినా నవ్వుకుంటూ ఒకరి కాళ్లు ఒకరు పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మెన్నొనైట్ అంటే ఏమిటని అడిగినవాళ్లకు ఆ తర్వాత నేను అంత పొడుగ్గా చెప్పడం మానేశాను.

నలభై ప్రశ్నలు

ఇక నా పెద్ద తప్పు సంగతి. మేడిపల్లి దగ్గర ఒక పల్లెలో మాకు చిన్న ప్రార్థన మందిరం ఉంది. దాన్ని ఊడ్చి, ముగ్గేసి, తాళం చూసుకునేది నర్సవ్వ. అరవై దాటిన మనిషి, బీడీలు చేసి బతికేది. పొగాకు పాపమని నేను అక్కడే నిలబడి ప్రసంగించేవాణ్ణి, కింద కూర్చున్న ఆడవాళ్లలో సగంమంది వేళ్లకు పొగాకు వాసన. వాళ్లకు ఇంకో పని చూపించలేనివాడికి ఆ ప్రసంగం చేసే హక్కు లేదని ఇప్పుడంటాను. అప్పుడు మాత్రం గొంతు చించుకునేవాణ్ణి.

నర్సవ్వకు బాప్తిస్మం కావాలి. అదొక్కటే ఆమె నన్ను అడిగింది. మా పద్ధతిలో అది తీసుకుంటేనే సంఘంలో మనిషి అవుతారు, బల్లకు వస్తారు, కాళ్లు కడిగే వరసలో కూర్చుంటారు. నేను నలభై ప్రశ్నలతో ఒక పుస్తకం తయారు చేసుకున్నాను. దానికి జవాబులు చెప్పినవాళ్లకే బాప్తిస్మం. నర్సవ్వ మూడేళ్లు వరసగా వచ్చి మూడుసార్లూ తప్పింది. రక్షణ అనగా నేమి అని అడిగితే, "గిప్పుడు నేను భయం లేకుంట మీ ముంగట కూసున్న కదా, గదే" అంది. పుస్తకంలో జవాబు నాలుగు వరసలుంది. వచ్చే ఏడు చూద్దాం నర్సవ్వా అన్నాను. ఆమె సరేనని చీపురు తీసుకుని వెళ్లిపోయింది. బల్ల ఆరాధన రోజు మిగతావాళ్లు కాళ్లు కడుక్కునే నీళ్లు తోడి పెట్టి, తను గడప అవతల కూర్చునేది.

మందిరం పక్కన పది అడుగుల వెడల్పు ఖాళీ జాగా ఉంది. కాలువ బాధ తప్పేలా అక్కడ బాప్తిస్మపు తొట్టి కట్టాలని నా కోరిక. కొలతలు కూడా గీయించాను. ఆ వెనకే మాధవరావు గారి పొలం, బావి. వాళ్లది ఒకప్పటి దొరల కుటుంబం, ఆయన లెక్చరరుగా చేసి రిటైరై సేద్యం చూసుకుంటున్నారు. ఆ పది అడుగులూ మా బావి దారి, తాతల నాటిది అని ఆయన అడ్డుపడ్డారు. మా సంఘం పెద్దలు అక్కడ దారే లేదన్నారు. మాటా మాటా పెరిగింది. నేను ఆయన మీద కేసు వేశాను.

కోర్టుకు వెళ్లమని చెప్పుకునేవాడివి ఎలా వెళ్లావని మీరు అడుగుతారు. సుగుణ కూడా అడిగింది. సంఘంలోని వాళ్ల మీద వెళ్లకూడదు గానీ బయటివాళ్ల మీద వెళ్లొచ్చని ఒక దారి కనిపెట్టి చెప్పాను. ఆవిడ నా వైపు ఒక చూపు చూసి, పప్పులో గరిటె కాస్త గట్టిగా తిప్పింది. ముప్పై ఏళ్లు మీరు కూడా ప్రసంగాలు చేస్తే ఇలాంటి దారులు చాలా దొరుకుతాయి, జాగ్రత్త.

బోనులో

మా తరఫు సాక్షి నర్సవ్వ. పుట్టి పెరిగిన ఊరు, పదకొండేళ్లుగా ఊడుస్తున్న జాగా, మా మనిషి. ఇంతకంటే ఏం కావాలి? నిజం చెప్పు నర్సవ్వా, భయపడకు అన్నాను. ఆమె ఏం చూసిందో మాత్రం అడగలేదు, సిరిసిల్లలో పెద్దయ్యగారు అన్నమాట అప్పటికీ నాకు వంటబట్టలేదు.

ముందుగా లాయరు ఆఫీసులో తయారుచేసిన కాగితం చదివి వినిపించి వేలిముద్ర వేయమన్నారు. ప్రమాణపూర్వకంగా అనే మాట చెవిన పడగానే ఆమె బొటనవేలు కొంగులో దాచుకుంది. మా అయ్యగారు ఒట్టు పెట్టొద్దన్నాడని చెప్పింది. లాయరు నా వైపు చూశాడు. అవునండీ, మా పద్ధతి అంతే అన్నాను, కొంచెం గర్వంగానే. ఆయన విసుక్కుని, బోనులోనే చెప్పిద్దాం పదండన్నాడు.

జగిత్యాల కోర్టులో బోనెక్కాక కూడా అదే తంతు. దేవుని ఎదుట ప్రమాణం చేసి అని క్లర్కు చదివితే ఆమె నోరు విప్పలేదు. రెండోసారి చదివాడు. విప్పలేదు. ఒట్టు వేయొద్దని ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను గానీ, వేయనివాళ్లు కోర్టులో ఏం చెప్పాలో నాకే తెలియదు. జడ్జి మేడమే దయతలిచి, ప్రమాణం ఇష్టం లేనివాళ్లు నిజమే చెబుతానని గట్టిగా చెబితే చాలు, చట్టం ఒప్పుకుంటుంది అన్నారు. నర్సవ్వ గట్టిగా అనేసరికి వెనక కూర్చున్నవాళ్లు ఉలిక్కిపడ్డారు. కొత్తగా వచ్చే పాస్టర్లు ఇది రాసిపెట్టుకోండి, ఏది చేయకూడదో నేర్పేటప్పుడు దాని బదులు ఏం చేయాలో కూడా నేర్పాలి.

మా లాయరు మొదటి ప్రశ్న మామూలుగా అడిగాడు. నువ్వు ఈ సంఘం సభ్యురాలివే కదా అన్నాడు.

"కాదు సారూ. పదకొండేండ్ల సంది ఊడుస్తున్న. మూడుమాట్ల పరీక్షల తప్పిన. అయ్యగారు ఇంక తీసుకోలే" అంది నర్సవ్వ.

కోర్టులో అందరూ నవ్వారు. నేను నా చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయాను. ఆమె గొంతులో నా మీద ఫిర్యాదు లేదు. అడిగారు కాబట్టి ఉన్నది చెప్పింది, అంతే. అంతకంటే సిగ్గుపడ్డ రోజు నా ఉద్యోగంలో ఇంకోటి లేదు.

లాయరు తడబడి, సరే, ఆ జాగాలో దారి ఎప్పుడూ లేదు కదా అన్నాడు. ఎందుకు లేదు, నా చిన్నప్పటి నుంచి బర్రెలు అట్లనే బావికాడికి పోయేవి అంది. మా లాయరు కూలబడ్డాడు. అవతలి లాయరు సంబరంగా లేచి, ట్రాక్టరు పోయేంత దారి కదా అవ్వా అని అడిగాడు.

"ట్రాక్టరెక్కడిది సారూ. రెండు బర్లు పక్కపక్కన పోయేటంత. మూడోదైతే ఆగాలె" అంది.

ఆయనా కూర్చున్నాడు.

బీడీల చాట

తిరుగు బస్సులో నర్సవ్వ కిటికీ పక్కన కూర్చుంది. నేను మూడు సీట్లు వెనక్కి పోయి కూర్చున్నాను. దిగేటప్పుడు కూడా పలకరించలేదు. పది రోజులు అలాగే గడిచాయి. ఆమె మందిరానికి రావడం మానేసింది, తాళంచెవి ఎవరి చేతో పంపింది. లాయరు ఫోన్ చేసి, కేసు ఇంకా పోలేదు, ఆమె మాటను పక్కన పెట్టించి ఇంకో సాక్షిని నిలబెడదాం అన్నాడు. సంఘం పెద్దలూ సరే అన్నారు. వచ్చే ఆదివారం బల్ల ఆరాధన. సుగుణ నాతో ఒకటే మాట అంది. మనసులో కోపం పెట్టుకుని కాళ్లు కడుగుతారా, కడిగేముందు మీ చేతులు కడుక్కోండి అంది.

శనివారం పొద్దున్నే నర్సవ్వ ఇంటికి వెళ్లాను. వాకిట్లో ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి చాట పక్కన పెట్టి లేచింది. నేను ఇగ మందిరానికి రావద్దా అయ్యగారూ అని అడిగింది. ఇన్ని రోజులూ నన్ను వెళ్లగొట్టారనే అనుకుని కూర్చుందట. రావద్దని కాదు నర్సవ్వా, నీకు బాప్తిస్మం ఇస్తానని చెప్పడానికి వచ్చాను, ప్రశ్నలేవీ లేవు అన్నాను. ఆమె ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఆమె తునికాకు ముక్క ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడింది.

"దొరతోని మాట్లాడిండ్రా అయ్యగారూ?"

లేదన్నాను.

"మరి కేసు ఉన్నదా?"

ఉందన్నాను.

"కేసు పెట్టుకొని నన్నెట్ల ముంచుతరు? పగ ఉంటే ముందుగాల పోయి మాట్లాడుకోవాలని మీరే చెప్తిరి. గడప అవతల కూసున్నా గని, నాకు అన్నీ ఇనవడ్డయి" అంది.

నలభై ప్రశ్నలు తయారు చేసినవాణ్ణి, రెండు ప్రశ్నలకు తప్పాను. నేను వద్దంటే ఆమెకు బాప్తిస్మం ఆగింది, ఇప్పుడు ఇస్తానంటే నా వల్లే మళ్లీ ఆగింది. అక్కడి నుంచి నేరుగా మాధవరావు గారి ఇంటికి నడిచాను. ఆయన పేపరు చదువుకుంటున్నారు. కేసు వెనక్కి తీసుకుంటున్నాను, కోర్టుకు ఎక్కడం నాదే తప్పు, క్షమించండి అన్నాను. ఆయన పేపరు మడిచి నన్ను ఎగాదిగా చూశారు.

"ఇందుల మెలిక ఏంది పాస్టరూ?" అన్నారు.

మెలిక లేదన్నాను. చాలాసేపు నమ్మలేదు. నమ్మాక టీ తెప్పించారు. తన మనుషులంతా ట్రాక్టరు దారి అని చెప్పడానికి సిద్ధంగా ఉన్నారనీ, మీ మనిషి మీ మీదే చెప్పేసరికి ఆ రాత్రి తనకు అన్నం సహించలేదనీ అన్నారు. ఆమె ఎంత చెబితే అంతే దారి, మిగతా జాగా మీది అన్నారు. అయితే రెండు బర్రెలు అంటే ఎన్ని అడుగులు? అది ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

మర్నాడు ఊరంతా వచ్చింది. మాధవరావు గారి కొట్టంలోంచి రెండు బర్రెలను తోలుకొచ్చి జాగాలో పక్కపక్కన నడిపించారు. ఒక మనిషి సున్నంతో గీత గీయడానికి వంగాడు. నర్సవ్వ ఆగమంది. ఇవి ముర్రా బర్రెలు, అప్పటివి మన నాటువి, ఇంత లావు ఉండేవి కావు అంది. జనం పగలబడి నవ్వారు. మాధవరావు గారు కూడా కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు. కథలాపూర్ వైపు నుంచి రెండు నాటు బర్రెలు దొరికేసరికి మధ్యాహ్నమైంది. వాటిలో ఒకటి మొండికేసి మందిరం మెట్లెక్కి నిలబడింది. ఎలాగో నడిపించి గీత గీశారు. ఆ సాయంత్రం బల్ల ఆరాధనలో నేను కొంచెం పేడ వాసనతోనే కూర్చున్నాను. నర్సవ్వ అప్పటికింకా గడప అవతలే.

హౌజు దగ్గర

గీత ఇవతల మిగిలిన జాగాలో తొట్టి కట్టడానికి నెలలు పడుతుంది. కాలువకు ఇప్పట్లో నీళ్లు రావని లస్కరు చెప్పాడు. ఈ సంగతి విని మాధవరావు గారే కబురు పంపారు. బావి దగ్గర నీళ్లు నింపే మా హౌజు ఉంది కదా, మనిషి మునుగుతాడు, వాడుకోండి అన్నారు.

మరుసటి ఆదివారం మేం వెళ్లేసరికి ఆయన తెల్లవారుజాము నుంచి మోటారు వేసి హౌజు నింపి ఉంచారు. సంఘం పాడుతూ చుట్టూ నిలబడింది. నేను నీళ్లలో దిగి ఎదురుచూస్తున్నాను. నర్సవ్వ తెల్లచీర కట్టుకుని అంచు మీదికి ఎక్కింది, ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగిపోయింది. భయమేస్తోందా అన్నాను. కాదంది. నీళ్ల వైపే చూస్తూ, చిన్నగా కాదు, అందరికీ వినపడేలాగే చెప్పింది.

"నా చిన్నప్పుడు గీ బాయికాడ మమ్ముల బొక్కెన ముట్టనియ్యకపోయేది. దూరంగ వంగి దోసిలి పడితే పైకెల్లి పోసేటోళ్లు. ఇయ్యాల గీ నీళ్లల్లకు నేనే దిగుతున్న."

పాట ఆగిపోయింది. మాధవరావు గారు మోటారు దగ్గర నిలబడి ఉన్నారు. ఎవరూ ఆయన వైపు చూడలేకపోయారు. ఆయన నడుచుకుంటూ హౌజు దగ్గరికి వచ్చారు.

"దిగు నర్సవ్వా. మెట్టుకు పాకురు పట్టింది, పైలం" అని చెయ్యి చాపారు.

ఆమె ఆ చెయ్యి పట్టుకుని దిగింది. నేను ఏ ప్రశ్నా అడగలేదు. ముంచి లేపాను.